రొట్టె దాచలేదు, జొన్న దాచారు

పొద్దున చేసిన జొన్నరొట్టె సాయంత్రానికి ఎందుకు బిరుసెక్కుతుంది, రేపటిదాకా మెత్తగా ఉంచాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్న ఇప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. చక్కెర వ్యాధి వచ్చాక అన్నం తగ్గించి జొన్నకు మళ్లినవాళ్లు, తెల్లారకముందే డ్యూటీకి పోయేవాళ్లు, రొట్టె చేయడం రాక సాయంత్రం రోడ్డుపక్క పొయ్యిల దగ్గర కొని తెచ్చుకునేవాళ్లు, అందరికీ ఇదే చిక్కు. మూతడబ్బాలు, అల్యూమినియం రేకు, ఫ్రిజ్ అన్నీ ప్రయత్నిస్తారు. తరతరాలుగా జొన్న తిన్న ప్రాంతం కదా, పాతవాళ్ల దగ్గర దీనికేదో కిటుకు ఉండే ఉంటుందని అనుకోవడం సహజం. అయితే ఉత్తర తెలంగాణ పాత ఇంటి సామాను చూస్తే కనిపించేది వేరు. ధాన్యం దాచడానికి అక్కడ భూమిలో తవ్విన పాతర నుంచి అటకమీది కుండ దాకా ఎన్నో ఏర్పాట్లున్నాయి. చేసిన రొట్టెను రోజుల తరబడి దాచడానికి మాత్రం ఒక గంప, ఒక పాతబట్ట తప్ప ఏమీ లేదు. ఇది తెలివి లేక జరిగింది కాదనీ, ఇక్కడి వాన, ఇక్కడి గింజ, ఇక్కడి పని తీరు కలిసి రొట్టెను కాకుండా జొన్నను దాచే పద్ధతికి దారి తీశాయనీ నా వాదన. ఆ పద్ధతి చెదిరిపోయాకే రొట్టె తాజాదనం మనకొక సమస్యగా మారింది.

ముందు రొట్టె సంగతి చూడాలి. గోధుమపిండిలో నీళ్లు పోసి పిసికితే సాగే జిగురు పుడుతుంది, దానివల్ల చపాతీ వంగుతుంది, మడతపడుతుంది. జొన్నలో ఆ జిగురు లేదు. అందుకే ఎసరు కాగబెట్టి ఉడుకునీళ్లతో పిండి కలుపుతారు. ఆ వేడికి గింజలోని పిండిపదార్థం కొంత ఉడికి బంకలాగా పట్టుకుంటుంది. ఆ పట్టు ఉన్నంతసేపట్లోనే చేత్తో తట్టి, పెంక మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లద్ది కాల్చాలి. వేడి తగ్గుతున్నకొద్దీ ఉడికిన పిండిపదార్థంలోని పోగులు మళ్లీ ఒకదానికొకటి దగ్గరై బిగుసుకుంటాయి. రొట్టె బిరుసెక్కడానికి అసలు కారణం ఇది. నీరు ఆరిపోవడం వల్లనే అనుకుంటాం గానీ, గాలి చొరకుండా మూసిపెట్టినా ఈ బిగుసుకోవడం ఆగదు. గడ్డకట్టే స్థాయికి కాస్త పైనుండే చలిలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టిన రొట్టె బయట పెట్టినదానికన్నా త్వరగా గట్టిపడుతుంది. బయట మూసిపెడితే రెండో గండం ఉంది. రొట్టెలో తేమ ఎక్కువ, వానాకాలపు ఉక్కలో ఒకటి రెండు రోజులకే బూజు పడుతుంది. తెరిచిపెడితే ఎండిపోతుంది, మూసిపెడితే బూజు పడుతుంది. మెత్తటి జొన్నరొట్టెను దాచడానికి పాతకాలంలో మంచి దారి లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి వస్తుంది. షోలాపూర్, కలబురగి వైపు జొన్నరొట్టెను పలచగా చేసి పూర్తిగా ఎండబెట్టి నెలల తరబడి దాచుకుంటున్నారు కదా, అదే జొన్న, అదే దక్కను, మరి ఇక్కడెందుకు చేయలేదు? ఆ కడక్ రొట్టె ఇప్పుడు హైదరాబాద్ దుకాణాల్లో కూడా దొరుకుతుంది. ఈ ప్రశ్నకు నాకు తోచిన జవాబు వానలో ఉంది. షోలాపూర్‌లో ఏడాదికి కురిసేది ఐదారు వందల మిల్లీమీటర్లు. ఆదిలాబాద్‌లో వెయ్యి దాటుతుంది, కరీంనగర్ కూడా షోలాపూర్ కన్నా చాలా తడి నేల. గోదావరి, ప్రాణహిత, పెన్‌గంగ, కడెం నదుల మధ్య అడవులతో నిండిన ఈ నేలలో జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమ ఆరదు. ఎండిన పలచటి రొట్టె అలాంటి గాలిలో తేమ పీల్చి మెత్తబడి పాడవుతుంది. తిండికి కటకటలాడే వానాకాలంలోనే అది పాడయ్యేటట్టయితే దాన్ని దాచి లాభమేమిటి? రెండో కారణం గింజ. షోలాపూర్ ప్రాంతానిది యాసంగి జొన్న. మాల్‌దండి లాంటి రకాలు పొడి వాతావరణంలో పండి తెల్లగా, రొట్టెకు అనువుగా ఉంటాయి. ఉత్తర తెలంగాణలో ఎక్కువగా వేసింది వానాకాలపు జొన్న, అందులోనూ పచ్చజొన్న. కందితో కలిపి వేసే ఈ పంట గింజ రొట్టెకూ పనికొస్తుంది గానీ గట్కకూ అంబలికీ ఇంకా బాగా పనికొస్తుంది. ఆదిలాబాద్ మహారాష్ట్రకు ఆనుకుని ఉంది కదా, అలవాటు అటునుంచి రాలేదా అంటే, ఆదిలాబాద్‌కు పొరుగున ఉన్నవి యవత్మాల్, చంద్రపూర్ లాంటి జిల్లాలు గానీ షోలాపూర్ కాదు. ఆ విదర్భ జిల్లాలు కూడా తడి నేలలే.

ఎండబెట్టి దాచే కళ ఇక్కడివాళ్లకు తెలియదనుకునే వీలు కూడా లేదు. సంక్రాంతికి కరీంనగర్, వరంగల్ ఇళ్లలో చేసే సకినాలే సాక్ష్యం. నానబెట్టిన బియ్యం పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్టమీద చుట్టలు చుట్టి, కాస్త ఆరనిచ్చి నూనెలో వేయిస్తారు. నీరంతా పోతుంది కాబట్టి వారాల తరబడి కరకరలాడతాయి. ఆడపిల్ల అత్తగారింటికి గంపలతో పోయినా, ఇప్పుడు గల్ఫ్ విమానాల్లో పెట్టెలకెక్కినా చెడిపోకపోవడం ఆ ఆరుదల వల్లనే. జనవరి పొడి గాలి కూడా దానికి తోడవుతుంది. ఇటు సర్వపిండి చూడండి. బియ్యంపిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కారం కలిపి, సర్వ అనే గిన్నె అడుగున నూనె రాసి అద్ది మూతపెట్టి కాలుస్తారు. కొందరు సర్వప్ప అంటారు, కొందరు గిన్నప్ప అంటారు. ఆ నూనె, పప్పుల వల్ల మర్నాటి దాకా తినడానికి బాగుంటుంది. ఏది ఎంతకాలం ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో తెలిసిన చేతులే ఇవి. ఆ చేతులే జొన్నరొట్టెను ఎండబెట్టి దాచుకోవాలని చూడలేదంటే అవసరం ఇంకో చోట తీరిపోయిందన్నమాట.

తీరిన చోటు పాతర. కర్ణాటకలో హగేవు, మహారాష్ట్రలో పేవ్ అని పిలిచే ధాన్యపు గొయ్యి తెలంగాణలో పాతర. ఊళ్లో ఎత్తైన చోట, నీరు నిలవని గట్టి మొరం నేల చూసి తవ్వేవాళ్లు. నోరు ఇరుకు, లోపల వెడల్పు. గోడల వెంట, అడుగున గడ్డిగానీ చొప్పగానీ మందంగా పరిచి, బాగా ఎండిన జొన్న నింపి, పైన మళ్లీ గడ్డి వేసి, మట్టితో నోరు పూడ్చి మెత్తేవాళ్లు. లోపల ఏం జరుగుతుందో ఇప్పుడు శాస్త్రం చెప్పగలదు. గింజ కూడా ఊపిరి తీస్తుంది. మూసిన గోతిలో గింజలూ పురుగులూ కలిసి ఉన్న ప్రాణవాయువును వాడేస్తాయి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, పురుగు చచ్చిపోతుంది. మందు చల్లే పనిలేదు. పాతర తెరిచినప్పుడు వెంటనే లోపలికి దిగకుండా కొంతసేపు గాలాడనిచ్చి, దీపం దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోతే మనిషి ప్రాణం కూడా అంతేనని వాళ్లకు తెలుసు. గోడను తాకిన గింజ నల్లబడి గడ్డకట్టేది, పశువులకు పోయేది. నడుమ ఉన్నది ఏళ్లతరబడి తిండికి పనికొచ్చేది, కాస్త పాతర వాసన మాత్రం అంటేది. గోతిలోని వేడికీ ఆ గాలికీ గింజ మొలకెత్తే శక్తి తగ్గుతుంది కాబట్టి విత్తనాన్ని అందులో వేయలేదు. విత్తనానికి మంచి కంకులు ఏరి ఇంటి వాసాలకు వేలాడదీసుకున్నారు, లేదా బూడిద, వేపాకు కలిపి కుండల్లో పెట్టుకున్నారు. తిండి గింజకు ఒక పద్ధతి, విత్తనానికి ఇంకొకటి. ఏటికేడు తప్పులు చూసుకుంటూ దిద్దుకున్న జ్ఞానం ఇది. పాతరకు తగినంత పంట లేనివాళ్లకు వెదురుతో అల్లి పేడ, మట్టి మెత్తిన గుమ్మి ఉండేది. ఇంకా చిన్న సంసారాలకు కాగులు, కుండలు.

పొట్టు తీయని ఎండిన గింజ తన కొవ్వును లోపలే కాపాడుకుంటుంది. విసిరిన మరుక్షణం ఆ కొవ్వు గాలికి తగులుతుంది, చేదెక్కడం మొదలవుతుంది. సజ్జలో సుమారు 5 శాతం కొవ్వు ఉంటుంది కాబట్టి సజ్జపిండి రోజుల్లోనే కమురు వాసన కొడుతుంది. జొన్నపిండి అంత తొందరగా చెడదు గానీ పాతబడ్డ పిండితో రొట్టె తడితే అంచులు పగులుతాయని జొన్నరొట్టె చేసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. అందుకే పాతరలోంచో గుమ్మిలోంచో తీసిన జొన్నను ఏ పూటకా పూట, మహా అయితే రెండు మూడు రోజులకు సరిపడా ఇసుర్రాయిలో విసురుకున్నారు. దాచడం గింజ దగ్గరే ముగిసింది. పిండికీ రొట్టెకూ దాచే అవసరం రాలేదు. రొట్టె మెత్తగా ఉండటమన్నది డబ్బాకు సంబంధించిన విషయం కాదు, రోజూ తెల్లవారుజామున జరిగే పనికి సంబంధించినది.

ఆ పని ఎవరు చేశారన్న ప్రశ్న దాటేయడానికి లేదు. రోజూ తాజాగా విసిరి చేసుకున్నారని నేటి వ్యాసాల్లో మురిసిపోవడం తేలిక. ఇంటిల్లిపాదికీ సరిపడా జొన్న విసరడమంటే చీకటితో లేచి గంటలకొద్దీ రాయి తిప్పడం. అదంతా ఆడవాళ్ల భుజాల మీద నడిచింది. ఇసుర్రాయి పాటలు అంత విస్తారంగా పుట్టడానికి ఆ శ్రమ అంత దీర్ఘమైనది కావడమే కారణం. కూలి ఇళ్లలో ఆ విసురుడు అయ్యాకే పొలానికి పోవడం. పిండి గిర్ని వచ్చినప్పుడు ఆడవాళ్లు రాయిని వదిలేయడాన్ని నష్టంగా చెప్పే హక్కు మనకెవరికీ లేదు. అదొక విముక్తి. తాజాదనాన్ని కొనిపెట్టింది ఆడవాళ్ల నిద్ర అని ఒప్పుకున్నాకే మిగతా చరిత్ర మాట్లాడాలి.

ఇంకో అభ్యంతరం దీనికన్నా పెద్దది. పాతర ఎవరిది? పెద్ద పాతరలు దొరల గడీల్లో, దేశ్‌ముఖుల ఇళ్లలో, షావుకార్ల దగ్గర ఉన్నాయి. జీతగాడికి కూలి గింజల్లో వచ్చేది, ఆ గింజ కుండలో ఎన్ని నెలలు ఆగేది? వానాకాలం నడిమికి కుండ ఖాళీ. అప్పుడు దొర పాతర తెరుచుకునేది, అదీ నాగు మీద. తీసుకున్న గింజకు కోతలప్పుడు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో కొలవాలి. గింజను ఏళ్లతరబడి చెడకుండా ఉంచే నైపుణ్యమే ఆకలిని అదుపులో పెట్టుకునే అధికారం కూడా అయింది. నిజాం పాలన చివరి ఏళ్లలో ప్రభుత్వం లెవీ పేరుతో రైతు గింజ వసూలు చేసినప్పుడు ఆ భారం పడ్డది కూడా చిన్న కమతాల మీదే. తెలంగాణ సాయుధ పోరాటంలో దొరల ధాన్యాన్ని ప్రజలు పంచుకున్న ఘటనలను ఈ వెలుగులో చూడాలి. అలాంటప్పుడు 'ఈ ప్రాంతం జొన్న దాచింది' అన్న మాట కొందరికే వర్తిస్తుంది కదా అంటారు. నిజమే, పాతర మేరకు కొందరికే. కానీ పేద ఇల్లు కూడా దాచుకోగలిగినంత గింజనే దాచుకుంది, రొట్టెను కాదు. దాని కుండ చిన్నది, పద్ధతి మాత్రం అదే.

ఆదిలాబాద్ అడవుల్లోని గోండుల జీవితం ఈ సంగతిని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 1940లో జోడేఘాట్‌లో గోండు పోరాట నాయకుడు కుమ్రం భీం అమరుడయ్యాక ఆ ప్రాంతానికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండుల గురించి రాశాడు. 1948లో ఆయన పుస్తకం 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' వచ్చింది. జొన్న వాళ్ల ప్రధానమైన తిండి. కొత్త పంట చేతికి రాగానే ముందు దేవుళ్లకు పెట్టి ఆ తర్వాతే తినడం వాళ్ల ఆచారం. పంట పండించినా అప్పుల కింద వ్యాపారులకు, భూమి కింద బయటి నుంచి వచ్చినవాళ్లకు పోగొట్టుకున్న తీరునూ ఆయన చూశాడు. గింజ చేతిలో ఉన్న ఇంట్లోనే జొన్న తిండి ఉంది, గింజ పోయిన ఇంట్లో రొట్టెను దాచే ఏ ఉపాయమూ అక్కరకు రాదు.

చేసిన తిండి మర్నాటికి ఉండాల్సి వస్తే ఇక్కడివాళ్లు వెతుక్కున్న దారి ఎండబెట్టడం కాదు, పులియబెట్టడం. కలికుండ అందుకు సాధనం. గంజి, కడుగునీళ్లు పోసి పులిసిన ఆ నీళ్లతో జొన్నపిండి ఉడికించి అంబలి కాచుకున్నారు. పుల్లదనం ఉన్నచోట కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తేలిగ్గా బతకలేవు కాబట్టి తడిగా ఉన్న తిండి కూడా రాత్రి దాటి నిలిచేది. పగలగొట్టిన జొన్నను ఉడికించిన గట్క రాత్రి మిగిలితే పొద్దున సల్ల పోసుకుని తాగారు. రొట్టె తడిగా ఉంటే బూజు పడుతుంది, అంబలికి తడి శత్రువు కాదు. ఉక్కపోసే నేలలో ఇది చాలా తెలివైన ఎంపిక. విసిరే పనిలో కూడా కలిసొస్తుంది, గట్కకు జొన్న రవ్వగా పగిలితే చాలు. అమెరికా ఖండం నుంచి వచ్చిన మక్క కూడా కరీంనగర్ ఇళ్లలో ఈ దారిలోనే గట్కగా కుదురుకుంది.

మరి పొలానికి పట్టుకుపోయిన సద్ది రొట్టె? నిజంగానే రొట్టె గంపలో బట్టచుట్టి పెట్టారు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తొక్కుతో మధ్యాహ్నం దాకా దాచుకున్నారు. బట్ట వేడి ఆవిరిని పీల్చుకుని రొట్టె చెమ్మగిల్లకుండా చూస్తుంది, వెదురు గంప గాలాడనిస్తుంది. కానీ దాని గడువు ఒక పూట, మహా అయితే మరుసటి పొద్దు. అంతకుమించి ఉంచాలనుకున్నప్పుడు రొట్టెను రొట్టెగా ఉంచలేదు. మలీద చూడండి. రొట్టెను నలిపి బెల్లం కలిపి ముద్దలు కడతారు. సద్దుల బతుకమ్మ నాడు చెరువుగట్టున ఆడవాళ్లు ఒకరికొకరు పంచుకునేది, పీర్ల పండుగకు పీర్ల దగ్గర పెట్టేది ఆ మలీదే. నలిపిన రొట్టె బిరుసుదనం పంటికి తెలియదు, బెల్లం తేమను పట్టి ఉంచుతుంది. హిందువుల పండుగకూ ముస్లింల సంతాపదినాలకూ ఒకే వంటకం కుదరడంలో ఇక్కడి కలిసిమెలిసిన బతుకుకు ఎంత పాత్ర ఉందో, రొట్టె స్వభావం తెలిసిన వంటింటి అనుభవానికీ అంత పాత్ర ఉందని నాకనిపిస్తుంది.

కరీంనగర్ కాకతీయుల నాటి చెరువుల నేల, వరి ఎప్పటినుంచో ఉంది కదా అన్నది ఇంకో ప్రశ్న. ఉంది, కానీ చెరువు కింద తరి ఎంత, మెట్ట ఎంత? చెరువు కింది బియ్యం చాలా ఇళ్లకు పండుగ తిండే. రోజూ తిన్నది మెట్టలో పండిన జొన్న, మక్క. ఈ లెక్కను తారుమారు చేసింది 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువ వెంట పారాక కరీంనగర్ జొన్నచేలు వరిమళ్లయ్యాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక మెట్ట ప్రాంతాల్లో కూడా రొట్టె కన్నా అన్నం చవకైంది, పని తక్కువైంది. పేద ఇంటికి అది చాలా పెద్ద మేలు, నాగు ఉచ్చు తెగడానికి అదొక కారణం. దాంతోపాటే దాచే బాధ్యత ఇంటి నుంచి సర్కారు గోదాముకు మారింది. పాతర అక్కర్లేకపోయింది. ఆదిలాబాద్ నల్లరేగడిలో జొన్న స్థానాన్ని పత్తి, సోయా తీసుకున్నాయి. దేశం మొత్తంలో 1960లలో సుమారు కోటీ 80 లక్షల హెక్టార్లలో వేసిన జొన్న ఇప్పుడు 40 లక్షల హెక్టార్లకు అటూఇటుగా మిగిలింది. పత్తి పండించిన రైతు జొన్నను దుకాణంలో, అదీ ఎక్కువగా పిండి రూపంలో, కొనుక్కునే రోజులొచ్చాయి.

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తే, రొట్టె దాచడమన్న చిక్కు ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. గిర్నిలో ఐదు కిలోలు, పది కిలోలు ఒక్కసారే పట్టించడం మొదలయ్యాక దాచే భారం గింజ నుంచి పిండికి జరిగింది. ప్యాకెట్ పిండి వచ్చాక అది ఎప్పుడు విసిరిందో కూడా తెలియకుండా పోయింది. చేసిన రొట్టె కొనే రోజులొచ్చాక ఆ భారం అన్నిటికన్నా త్వరగా చెడే రూపం మీద, అంటే రొట్టె మీదనే పడింది. గింజ ఏళ్లు ఆగుతుంది, పిండి వారాలు, రొట్టె పూట. మనం ఏళ్లు ఆగేదాన్ని వదిలి పూట ఆగేదాన్ని కాపాడాలని తంటాలు పడుతున్నాం. ఇసుర్రాయికి తిరిగి పొమ్మని ఏ ఆడమనిషికీ చెప్పలేం, చెప్పకూడదు. కానీ జొన్నను గింజగా కొని, బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో దాచి, వారానికి సరిపడా మాత్రమే గిర్నిలో పట్టించుకోవడం కష్టం కాదు. తప్పనిసరై రొట్టెను మర్నాటికి ఉంచాల్సివస్తే ఫ్రిజ్ మామూలు అరలో కాకుండా గడ్డకట్టే అరలో పెట్టి, తినేముందు కాస్త నీళ్లు చిలకరించి పెంక మీద వేడి చేసుకోవాలి. బిగుసుకున్న పిండిపదార్థం ఆ వేడికి కొంతసేపు సడలుతుంది.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు వంటకాల పోటీలు జరిగాయి, కొత్త రకాల విత్తనాల గురించి మాట్లాడారు. పాతర గురించి ఎవరూ మాట్లాడలేదనే చెప్పాలి. పాతర ఎక్కడ తవ్వాలో, ఎంత ఎండిన గింజ వేయాలో, ఎప్పుడు తెరవాలో స్వయంగా చూసినవాళ్లు ఇప్పుడు బాగా పెద్దవాళ్లు. పూడ్చిన పాతరల మీద ఇళ్లు లేచాయి. కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులు, ఉట్నూరు, నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల వైపు స్థానిక చరిత్ర రాస్తున్న ఉపాధ్యాయులు ఈ పని తలకెత్తుకోవాలి. మిగిలిన ఒకటో రెండో పాతరలను కొలవాలి, బొమ్మ గీయాలి, వాటిని నింపినవాళ్ల మాటలను, వాటి ముందు నాగు కోసం చేయి చాచినవాళ్ల మాటలను, ఆ జొన్నను విసిరిన ఆడవాళ్ల మాటలను కలిపి రికార్డు చేయాలి. ఈ ఎండాకాలమే మొదలుపెట్టండి.